వర్చువల్ మెషీనునందుఁ జోటు చాలమి

ఒక కంప్యూటరులోపల మఱొక కంప్యూటరున్నట్లు ప్రోగ్రాముచేతఁ గల్పింపఁబడిన దానికి వర్చువల్ మెషీనని పేరు. దానికిఁ బ్రత్యేకమైన దేహము లేదు. ప్రాసెసరు, మెమొరీ, డిస్కు అను మూఁడును బయటి యంత్రమునుండి పంచి యీయఁబడినవే. అయినను లోపల నున్న లినక్సుగాని విండోసుగాని తాను నిజమైన యంత్రముపై నడచుచున్నట్లే వ్యవహరించును. బయటిదానిని హోస్టనియు, లోపలిదానిని గెస్టనియు నందురు. ఆతిథేయి, అతిథి యని యర్థము. వర్చువల్ శబ్దమునకుఁ గొందఱు ‘మిథ్య’ యని తెలుఁగు చేయుచున్నారు. అది యుచితముగాఁ దోఁపదు. లేనిది యున్నట్లు తోఁచుట మిథ్య. ఈ యంత్రము చేసిన లెక్క నిజమైన లెక్కయే. ఇందు వ్రాసిన గ్రంథము నిజమైన గ్రంథమే. ఇందుఁ జెడినది నిజముగాఁ జెడినదే. ‘కల్పితయంత్ర’ మనిన నొప్పును గాని, వాడుకలో నాటుకొనిన పేరును పెఱికివేయుట యనవసరము.

ఈ కల్పన నిన్నమొన్నటిది కాదు. ఐబీఎం సంస్థవారు 1960-70 సంవత్సరముల నడుమ సీపీ-67 అను వ్యవస్థచే నొక పెద్దయంత్రమును బెక్కుమందికిఁ బెక్కుయంత్రములుగాఁ జూపిరి; 1972లో వీఎం/370 వెలువడెను. అందు నిజమైన డిస్కులోని కొంతభాగమును గొలిచి, మినీడిస్కను పేరితో నొక్కొక్కరికి నిచ్చెడివారు. బల్లపైఁ బెట్టుకొను కంప్యూటర్లలో నీ పద్ధతి 1999 నాఁటి వీఎంవేరు వర్క్‌స్టేషనుతోఁ బ్రచారమునకు వచ్చినది. వర్చువల్‌బాక్సు 2007లో వెలువడిన పిదప విద్యార్థులకును సులభమైనది. నేఁడు ‘క్లౌడు’లో నద్దెకుఁ దీసికొను సర్వర్లలోఁ బెక్కు వర్చువల్ మెషీన్లే.

సాహిత్యపరిశోధకులకు దీనితో నేమి ప్రయోజనమని శంక కలుగవచ్చును. ఒక తాళపత్రమును అడ్డముగా 6000, నిలువుగా 4000 బిందువులతో ఛాయాచిత్రము తీసి, బిందువునకు 3 బైట్ల చొప్పునఁ గుదింపక దాఁచినచో 7 కోట్ల 20 లక్షల బైట్లగును. 150 ఆకుల గ్రంథమునకు రెండుప్రక్కలును గలిసి 300 చిత్రములు. మొత్తము 2,160 కోట్ల బైట్లు, అనఁగా 21.6 గిగాబైట్లు. 20 గిగాబైట్ల డిస్కుతోఁ గల్పింపఁబడిన వర్చువల్ మెషీను ఒక్క గ్రంథమునైనను సమగ్రముగా మోయఁజాలదు. ప్రతులను సేకరించి, పాఠములను పోల్చి, పదసూచికలు కూర్చువారికి ఈ చిక్కు తప్పక యెదురగును.

చోటు నిండిన పిదపను యంత్రము కొంతసేపు నడచుచునే యుండును. అపాయమంతయు నక్కడనే యున్నది. పరిష్కర్త తాను సవరించిన పాఠమును భద్రపఱుపఁ బూనును. కొన్ని ప్రోగ్రాములు మొదటఁ బ్రాఁతఫైలును శూన్యము గావించి, పిమ్మటఁ గ్రొత్తపాఠమును వ్రాయును. శూన్యము చేయుటకుఁ జోటక్కఱలేదు; వ్రాయుటకుఁ గావలయును. కాఁబట్టి మొదటిపని జరుగును, రెండవది జరుగదు. ప్రాఁతపాఠము పోయినది, క్రొత్తపాఠము రాలేదు, సున్నబైట్ల ఫైలొకటి మాత్రము తన పేరితో నిలిచియుండును. ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అను వాక్యము కనఁబడినప్పుడు మొదటఁ జేయవలసినది, తెఱచియున్న పాఠమును మూయకుండ, వేఱొక యంత్రములోనికిఁ బ్రతి తీసికొనుట. తక్కిన విచారమంతయుఁ దరువాతిది.

ఇఁక నా వాక్యమున ‘స్పేస్’ అనఁగా నేది? చోటు అను నొక్కమాట యిచట నాలుగు వస్తువులకుఁ జెల్లుచున్నది. హోస్టుయొక్క నిజమైన డిస్కులోని చోటు మొదటిది. గెస్టుయొక్క డిస్కు నిజమునకు హోస్టులో నొక ఫైలు మాత్రమే. వర్చువల్‌బాక్సులో వీడీఐ, వీఎంవేరులో వీఎండీకే, క్యూఈఎంయూలో క్యూకౌ2 అని దానికిఁ బేళ్లు. ఆ ఫైలునకు నిర్ణయించిన పరిమాణము రెండవ చోటు. ఆ డిస్కును విభజించిన పార్టిషను మూఁడవది. పార్టిషనుపైఁ బఱచిన ఫైలువ్యవస్థ నాలుగవది. దొడ్డి, దొడ్డిలో గాదె, గాదెలో నఱ, ఆ యఱలో నెన్ని పుట్లు పట్టునో వ్రాసియుంచిన చిట్టా — ఈ నాలుగింటిని దలఁచికొనినచో విషయము స్పష్టమగును. గాదెను బెద్దదిగాఁ గట్టినంతమాత్రమున లోపలి యఱగోడ తనంతట జరుగదు. అఱ పెరిగినను జిట్టా దిద్దనిచో గింజలు కొలుచువాఁడు ప్రాఁతలెక్కయే చెప్పును. వర్చువల్‌బాక్సులో డిస్కును 20 గిగాబైట్లనుండి 40 గిగాబైట్లకుఁ బెంచి, గెస్టును దెఱచి చూచి, ‘ఇంకను 20 అనియే చూపుచున్నది, పెరుఁగలేదు’ అని విస్మయపడువారందఱును ఈ నాలుగింటిని ఒకటిగా భావించినవారే.

కావున మొదట నిండినదేదో నిర్ణయింపవలయును. లినక్సు గెస్టులో డీఎఫ్ అను నాజ్ఞను హెచ్ అను గుర్తుతోఁ బ్రయోగించిన, ఒక్కొక్క ఫైలువ్యవస్థ పరిమాణమును, వాడిన భాగమును, మిగిలినదియుఁ గనఁబడును. ఎల్‌ఎస్‌బీఎల్‌కే అను నాజ్ఞ డిస్కును, దాని పార్టిషన్లను జూపును. మొదటి యాజ్ఞ నాలుగవ చోటును, రెండవ యాజ్ఞ రెండవ మూఁడవ చోట్లను జెప్పును. మొదటి చోటును దెలిసికొనుటకు హోస్టులోనికి వెళ్లి చూడవలసినదే. గెస్టునకు దాని జాడ తెలియదు.

ఒక్కొక్కప్పుడు డీఎఫ్ పెక్కు గిగాబైట్లు మిగిలినట్లు చూపుచున్నను ఫైలు వ్రాయుటకు వీలుపడదు. అపుడు ఐ అను గుర్తుతో డీఎఫ్‌ను మరల నడుగవలయును. ఫైలొక్కింటికి ఐనోడను నొక పద్దు కావలయును. ఎక్స్‌టీ4 ఫైలువ్యవస్థలోఁ బద్దుల సంఖ్య దానిని నిర్మించునప్పుడే స్థిరమగును. సామాన్యముగా 16,384 బైట్లకు నొకటి. ఆ లెక్కను 20 గిగాబైట్లకు 13,10,720 పద్దులు. పదసూచికలోని ప్రతి పదమునకు నొక చిన్నఫైలు వ్రాయు ప్రోగ్రాము నడచినచో, చోటు సగమైనను నిండకమునుపే పద్దులు తీఱిపోవును. డిస్కులోని చోటు కాదు, చిట్టాలోని పంక్తులు ముగిసినవన్నమాట. చిన్నఫైళ్లను గట్టలుగాఁ గట్టుటయో తొలఁగించుటయో ఇందులకుఁ బరిహారము.

ఎక్స్‌టీ4లో మఱొక విశేషము కలదు. నూటికి 5 వంతులు రూటను సర్వాధికారి కొఱకుఁ బ్రత్యేకింపఁబడి, ఇతరులకు దొరకవు. 20 గిగాబైట్లలో 1 గిగాబైటిట్లు మఱుఁగున నుండును. మూలవ్యవస్థయున్న పార్టిషనులో నిది మేలే; అధికారి లోనికి వచ్చి బాగుచేయుటకుఁ గొంత తావుండును. చిత్రములు మాత్రము దాఁచు పార్టిషనులో నంత యక్కఱలేదు. ట్యూన్‌టూఎఫ్‌ఎస్ అను నాజ్ఞతో 1 వంతునకుఁ దగ్గింపవచ్చును.

నిండినది ఫైలువ్యవస్థయే యని తేలిన పిమ్మట, ఎవరిచే నిండెనో చూడవలయును. డీయూ అను నాజ్ఞ యొక్కొక్క డైరెక్టరీ బరువును గొలిచి చెప్పును. ఇతర ఫైలువ్యవస్థలలోనికిఁ బోకుండ ఎక్స్ అను గుర్తును జేర్చుట మంచిది. ఇక్కడనే యొక చిత్రమైన విరోధము తటస్థించును. డీఎఫ్ 19 గిగాబైట్లు వాడఁబడినవనును. డీయూ కూడిక 12 మాత్రమే యనును. 7 గిగాబైట్లెక్కడ?

వ్యాకరణమెఱిఁగినవారి కీ విరోధము క్రొత్త కాదు. పాణిని లోపమనఁగా నాశమని చెప్పలేదు, కనఁబడకపోవుటయని చెప్పెను. ప్రత్యయము లోపించినను దానిని నిమిత్తముగాఁ గొని జరుగవలసిన కార్యము జరుగునని వేఱొకచో ననుశాసించెను. ‘రాజా’ యను రూపమునఁ బ్రథమైకవచనప్రత్యయము కనఁబడదు. అయినను దాని వలనఁ గలిగిన పదసంజ్ఞ నిలిచియున్నది. ఆ సంజ్ఞ నాశ్రయించి నకారము లోపించుచున్నది. యూనిక్సు సంప్రదాయమున ఫైలును దొలఁగించుటయు నట్టిదే. ఆర్‌ఎం అను నాజ్ఞ ఫైలు పేరును డైరెక్టరీనుండి తుడుచును. ఏదేని ప్రోగ్రా మా ఫైలును దెఱచి పట్టుకొనియున్నంతవఱకు దాని శరీరము డిస్కులోనే యుండును, చోటును విడువదు. డీయూ పేళ్లనుబట్టి లెక్కించునది గనుక దానికది కనఁబడదు. డీఎఫ్ ఆక్రమింపఁబడిన తావును లెక్కించునది గనుక దానికిఁ గనఁబడును. పెద్ద లాగు ఫైలును దుడిచివేసితిమి గదా, చోటేల రాలేదని యడుగువారికి సమాధాన మిదియే. ఎల్‌ఎస్‌ఓఎఫ్ అను నాజ్ఞకు ప్లస్ ఎల్ 1 అను గుర్తు చేర్చిన, పేరు పోయియుఁ బట్టువిడువని ఫైళ్లును, వానిని బట్టుకొనిన ప్రోగ్రాములును బయటపడును. ఆ ప్రోగ్రామును మరల నారంభించినంతనే చోటు తిరిగి వచ్చును.

అదృశ్యమైన చోటునకు వేఱొక హేతువుండవచ్చును. ఒక డైరెక్టరీపై రెండవ డిస్కును మౌంటు చేసినచో, అంతకుముం దా డైరెక్టరీలో నున్న ఫైళ్లు దాని క్రింద మఱుఁగుపడును. రెండవ డిస్కు తగులని నాఁడు బ్యాకప్పు ప్రోగ్రాము మూలడిస్కుపైననే వ్రాసియుండును; మఱునాఁడు డిస్కు తగిలినంతనే యా వ్రాఁత కప్పఁబడును. మూలవ్యవస్థను వేఱొకచో బైండు మౌంటు చేసి చూచినఁగాని యిది తెలియదు.

కారణము సామాన్యమైనదే యైనచోఁ దొలఁగింపఁదగినవి యివి. డెబియను, ఉబుంటు వ్యవస్థలలో దిగుమతి చేసికొనిన ప్యాకేజీల ప్రతులు నిలువయుండును. ఆప్ట్ క్లీన్ అనిన నవి పోవును. ఆప్ట్ ఆటోరిమూవ్ ఇఁక నక్కఱలేని ప్రాఁత కెర్నెళ్లను దీసివేయును. సిస్టమ్‌డీ దినచర్య తనంతటఁ దాను ఫైలువ్యవస్థలో 10వ వంతువఱకు, గరిష్ఠముగా 4 గిగాబైట్లవఱకుఁ బెరుఁగును. జర్నల్‌సీటీఎల్ అను నాజ్ఞతో దానిని 200 మెగాబైట్లకుఁ గుదింపవచ్చును. డాకరును వాడువారు మొదట డాకర్ సిస్టమ్ డీఎఫ్ అని యడిగి చూచుట యుక్తము. డాకరులోని పనిపెట్టెల లాగులకు హద్దు నిర్ణయింపనిచో నవి పరిమితి లేక పెరుఁగును. ఒక్క లాగే డిస్కునంతయు మ్రింగుట యపూర్వము కాదు. హద్దు లేకుండఁ బెరుఁగుటను సహజస్థితిగా విడిచిన యా నిర్మాతల యాలోచన మెచ్చఁదగినది కాదు.

తొలఁగించునపుడు పేరునుబట్టి వస్తుస్వభావము నూహించుట మహాపాయము. ఇందులకుఁ బోస్ట్‌గ్రెస్ అను ప్రసిద్ధ దత్తాంశవ్యవస్థయే నిదర్శనము. అది ప్రతిమార్పును మూలపట్టికలో నెక్కింపకమునుపే యొక డైరెక్టరీలో వ్రాసికొనును. యంత్రము నడుమ నాఁగిపోయినచో నా వ్రాఁతలే దాని ప్రాణము. ఆ డైరెక్టరీకి ‘పీజీ ఎక్స్‌లాగ్’ అని పేరుండెడిది. చోటు నిండినపుడు కొందఱు ‘లాగు’ అను మాటను జూచి, తుడిచినను నష్టము లేని దినచర్యయని తలఁచి తుడిచివేసిరి. దత్తాంశ మంతయుఁ దిరిగిరాకుండఁ బోయెను. 2017లో వెలువడిన 10వ సంచికలో నిర్మాతలు దానిపేరు ‘పీజీ వాల్’ అని మార్చిరి. ‘పీజీ క్లాగ్’ అను మఱొకదానిని ‘పీజీ ఎక్సాక్ట్’ అని మార్చిరి. ఇట్టి పొరపాట్లను నివారించుటకే యా మార్పని వారే ప్రకటించిరి. రూఢ్యర్థ మొకటియు, వ్యవస్థ యుద్దేశించిన యర్థ మొకటియు నైనపుడు చదువరిని నిందించి ప్రయోజనము లేదు. సంజ్ఞను మార్చినవారే వివేకులు.

స్నాప్‌షాట్ల విషయమునఁ దద్విపరీతమైన భ్రమ కలదు. స్నాప్‌షాటనఁగా నొక క్షణమునందలి యంత్రస్థితిని నిలిపి, యటుపై వచ్చిన మార్పులను వేఱొక ఫైలులో వ్రాయించుట. ఐదాఱు స్నాప్‌షాట్లు తీసి మఱచినచో హోస్టులో నీ భేదఫైళ్లు కొండలగును. ‘డిలీట్ స్నాప్‌షాట్’ అనుటకు జనులు జంకుదురు, తరువాతఁ జేసిన పనియంతయుఁ బోవునేమో యని. అది పోదు. అది యేకాదేశమువంటిది. రమా, ఈశ యనుచోట నాకారమును ఈకారమును దొలఁగి, రెంటి స్థానమున నేకారమొక్కటి నిలుచును గదా. అట్లే పూర్వస్థితియు నుత్తరభేదమును గలిసి యొక్కటియగును. అయితే యా కలయిక జరుగునపుడు తాత్కాలికముగా మఱికొంత చోటు కావలసివచ్చును. హోస్టు పూర్తిగ నిండువఱకు వేచియుండుట కూడదు. మఱియు నా భేదఫైళ్లను హోస్టులోఁ జేతితోఁ దుడుచుట గొలుసులో నొక లంకెను ద్రెంచుటయే. ఆ లంకెకుఁ బైనున్న వేవియు నటుపైఁ దెఱచుకొనవు.

తొలఁగించియుఁ జాలనపుడు పెంపు తప్పదు. డిస్కును బెంచుటకుముం దొక సంగతి విచారింపవలయును. ఉబుంటు సర్వరును ఎల్‌వీఎం పద్ధతిని స్థాపించినచో, మధ్యపరిమాణముగల డిస్కులలో మూలవ్యవస్థకుఁ దాదాపు సగమే యిచ్చి, తక్కిన సగమును దరువాత నెందులకైనఁ బనికివచ్చునని విడిచియుంచును. 40 గిగాబైట్ల డిస్కులో 20 నిండి యంత్రము మొఱపెట్టుచుండఁగా, మిగిలిన సగము ప్రక్కనే ఖాళీగా నుండును. వీజీఎస్ అను నాజ్ఞతో నిది కనఁబడును. ఎల్‌వీ ఎక్స్‌టెండునకు ఆర్ అను గుర్తు చేర్చిన, విభాగమును ఫైలువ్యవస్థయు నొక్కమాఱే పెరుఁగును. ఇచట హోస్టును ముట్టఁబనిలేదు.

నిజముగాఁ బెంపవలసివచ్చిన, యంత్రము నాఁపి, డిస్కుఫైలునకుఁ బ్రతి తీసి వేఱొకచో నుంచవలయును. స్నాప్‌షాటు ప్రతికి బదులు కాదు. అదియు నదే డిస్కుపై నాధారపడియున్నది. వర్చువల్‌బాక్సులో వీబాక్స్‌మేనేజ్ మాడిఫైమీడియం అను నాజ్ఞకు రీసైజ్ 40960 అని చేర్చిన డిస్కు 40 గిగాబైట్లగును. ఆ సంఖ్య మెగాబైట్లలోనిది. ఈ మార్గము పెంచుటకే గాని తగ్గించుటకుఁ గాదు. స్నాప్‌షాట్లున్నచో ముందు వానిని గలిపివేయుట క్షేమము. లేనిచో మూలము పెరిగియు నిప్పటిస్థితి పెరుఁగక నిలుచును. తరువాత గెస్టులో గ్రోపార్ట్ అను నాజ్ఞ పార్టిషనును బెంచును. ఎక్స్‌టీ4 యైనచో రిసైజ్‌టూఎఫ్‌ఎస్, ఎక్స్‌ఎఫ్‌ఎస్ యైనచో ఎక్స్‌ఎఫ్‌ఎస్ గ్రోఎఫ్‌ఎస్ ఫైలువ్యవస్థను బెంచును. బయటనుండి లోపలికి, గాదె, అఱ, చిట్టా యను క్రమము తప్పరాదు. ఈ లోపలిపనులకు యంత్రము నాఁపనక్కఱయు లేదు.

ఆచరణలో రెండడ్డంకులు గలవు. గ్రోపార్ట్ తన పనికై టెంపు డైరెక్టరీలోఁ గొన్ని చిన్నఫైళ్లను వ్రాయును. నూటికి నూఱు నిండిన యంత్రములో నదియు సాధ్యము కాక, చోటు పెంచుటకుఁ జోటు లేదని మొఱపెట్టును. ఆప్ట్ క్లీన్ వంటిదానితోఁ గొన్ని మెగాబైట్లు ముందు సంపాదించుటయో, టెంపు డైరెక్టరీపై మెమొరీలో నుండు తాత్కాలిక ఫైలువ్యవస్థను మౌంటు చేయుటయో దీనికి మందు. రెండవది స్వాపు పార్టిషను. ప్రాఁతపద్ధతిని స్థాపించిన యంత్రములలో మూలపార్టిషను పిమ్మట స్వాపుండును. క్రొత్తగా వచ్చిన చోటు స్వాపునకు వెనుక నుండును. నడుమ వర్ణాంతరము పడినపుడు సంధి కలుగనట్లే యీ రెండును గలియవు. స్వాపు నాఁపి, తీసివేసి, మూలమును బెంచి, స్వాపును ఫైలురూపమున మరలఁ గల్పించుకొనవలయును. ఇంత శ్రమ యక్కఱలేదనువారు రెండవ డిస్కునొకదానిని జేర్చి, చిత్రములను బ్రతులను దానిలోనికిఁ దరలింపవచ్చును. పెరుఁగు వస్తువును, పెరుఁగరాని మూలవ్యవస్థను వేఱుచేయు నీ మార్గమే పరిశోధనసంస్థలకు మేలైనది.

గెస్టులోఁ గావలసినంత చోటున్నను హోస్టు నిండుట వేఱొక యవస్థ. అవసరమైనకొలఁది పెరుఁగు డిస్కుఫైలు 100 గిగాబైట్లని పేరు పొందియు మొదటఁ గొద్ది తావే యాక్రమించును. అట్టివానిని నాలుగింటిని 256 గిగాబైట్ల హోస్టులోఁ గల్పించుట కెవ్వరును నడ్డము చెప్పరు. వాగ్దానములు 400, సొమ్ము 256. ఆ నాలుగును నిండఁజొచ్చిననాఁడు హోస్టు నిండును. వర్చువల్‌బాక్సు గెస్టు నున్నదున్నట్లు నిలిపివేయును. హోస్టులోఁ జోటు చేసి మరలఁ గదలింపవచ్చును. అప్పుడు గెస్టులోని ఫైళ్లను దుడిచినంతమాత్రమున హోస్టునకు లాభము లేదు. తుడిచిన తావు ఖాళీయని గెస్టునకే తెలియును. బయటి ఫైలు తాను పెరిగినంత పెరిగియే యుండును. ఆ ఖాళీలను జీరోఫ్రీ అను నుపకరణముతో సున్నలతో నింపి, యంత్రము నాఁపి, మాడిఫైమీడియమునకుఁ గాంపాక్ట్ అని చేర్చినచో వీడీఐ ఫైలు కుదియును. డిస్కార్డు సౌకర్య మేర్పఱచినచోట ఎఫ్‌ఎస్‌ట్రిమ్ అను నాజ్ఞయే ఖాళీల సంగతి బయటికిఁ దెలుపును.

చోటు సమకూరిన పిదప, నిండియున్న సమయమున నేయే ఫైళ్లు చెడినవో వెదకవలయును. ఫైండ్ అను నాజ్ఞతో నా దినమున మాఱినవియు సున్నబైట్లవియు నగు ఫైళ్ల పట్టిక తీసి, ఒక్కొక్కదానిని బ్యాకప్పులోని ప్రతితోఁ బోల్చి చూడవలయును. నడుమ తెగిన చిత్రములు సున్నబైట్లవి గావు గనుక నా పట్టికలోఁ జేరవు. వానిని దెఱచి చూచియో, ముందే చెక్‌సమ్ములు తీసియుంచిన వానితో సరిపోల్చియో గుర్తింపవలసియుండును.